ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో కౌంట్స్ నమ్మకంగా తీయడం ఎలా: సిమెంట్ ల్యాబ్ కెమిస్టుల కోసం సమగ్ర మార్గదర్శి

సిమెంట్ ప్లాంట్ క్యూసీ ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రే ఫ్లోరసెన్స్‌తో శాంపిల్‌లో ఏది ఎంతుందో కొలిచే మెషిన్) అంటే పెల్లెట్ (పొడిని నొక్కి చేసిన బిళ్ళ) పెట్టు, స్టార్ట్ కొట్టు, రెండు మూడు నిమిషాల్లో సిలికా ఇంత సీఏఓ (కాల్షియం ఆక్సైడ్) ఇంత అని స్క్రీన్ మీద వస్తుంది, రిజిస్టర్‌లో రాసుకో, ఇంతవరకే నేర్పిస్తుంటారు. కానీ ఆ మెషిన్‌కి శాతం అంటే ఏంటో తెలీదండీ. దానికి చేతనైంది ఒక్కటే, సెకనుకి ఎన్ని ఎక్స్‌రే ఫోటాన్లు డిటెక్టర్‌లో పడ్డాయో లెక్కపెట్టడం. అదే ఇంటెన్సిటీ, మనం కౌంట్స్ అంటాం, వెయ్యిల్లో చెప్తే కేసీపీఎస్ అంటాం. శాతం అనేది ఆ లెక్క మీద తర్వాత వేసిన గణితం. లెక్కే తప్పయితే ఎంత మంచి క్యాలిబ్రేషన్ ఉన్నా తప్పు శాతమే వస్తుంది, అదీ రెండు దశాంశాలతో చాలా నమ్మకంగా కనపడుతుంది. అందుకే శాతం చూసేముందు కౌంట్ చూసే అలవాటు చేసుకోమని నేను అందరికీ చెప్తాను, ఈ గైడ్ మొత్తం దాని గురించే.

ఎందుకంత పట్టింపు అంటే ఒక్క లెక్క చూడండి. రా మీల్‌లో (కిల్న్‌లోకి వెళ్ళే ముందు నూరిన ముడిపొడిలో) సీఏఓ 43.0, సిలికా 13.8, అల్యూమినా 3.2, ఐరన్ ఆక్సైడ్ 2.4 అనుకుందాం. ఎల్‌ఎస్‌ఎఫ్ (లైమ్ సాచురేషన్ ఫ్యాక్టర్, మిగతా ఆక్సైడ్లకి సరిపడా సున్నం ఉందో లేదో చెప్పే అంకె) కావాలంటే సిలికాకి 2.8 రెట్లు, అల్యూమినాకి 1.18 రెట్లు, ఐరన్‌కి 0.65 రెట్లు తీసుకుని కలిపి, సీఏఓని వందతో గుణించి ఆ మొత్తంతో భాగిస్తాం, 97.8 వస్తుంది. ఇప్పుడు మిగతావన్నీ అలాగే ఉండి సిలికా ఒక్కటి 13.9 చూపించిందనుకోండి, ఎల్‌ఎస్‌ఎఫ్ 97.2కి దిగిపోతుంది. సీఏఓలో అంతే 0.1 తేడా వస్తే ఎల్‌ఎస్‌ఎఫ్ 0.2 మాత్రమే కదులుతుంది. అంటే సిలికా కౌంట్ నూటికి ముప్పావు వంతు తప్పితే చాలు, సీసీఆర్‌లో (సెంట్రల్ కంట్రోల్ రూమ్‌లో) వాళ్ళు ఆ అంకె నమ్మి లైమ్‌స్టోన్ ఫీడర్ పెంచేస్తారు, నిజానికి బాగున్న మీల్‌ని మనమే చెడగొట్టినవాళ్ళమవుతాం.

అసలు ఏం లెక్కపెడుతున్నాం

ట్యూబ్ నుంచి వచ్చిన ఎక్స్‌రే శాంపిల్‌లో పరమాణువుల లోపలి పొర ఎలక్ట్రాన్‌ని తన్నేస్తుంది, ఆ ఖాళీలోకి పై పొరది దిగుతుంది, దిగేటప్పుడు ఆ మూలకానికి మాత్రమే సొంతమైన ఎనర్జీతో ఒక ఎక్స్‌రే బయటికొస్తుంది. సిలికాన్‌ది 1.74 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్), కాల్షియంది 3.69, ఐరన్‌ది 6.40. ఈ ఎనర్జీకీ పరమాణు సంఖ్యకీ ఉన్న లింకు 1913లో ఇంగ్లండ్‌లో మోస్లీ అనే శాస్త్రవేత్త పట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఇంటెన్సిటీ అంటే ఫోటో ప్లేట్ మీద గీత ఎంత నల్లగా పడిందో చూడటమే, 1923లో కోపెన్‌హేగన్‌లో కోస్టర్, హెవెసీ కలిసి హాఫ్నియం కనిపెట్టింది కూడా ఎక్స్‌రే గీతల్ని చూసే. అమెరికా నేవీ రీసెర్చ్ ల్యాబ్‌లో ఫ్రీడ్‌మన్, బర్క్స్ 1948లో గైగర్ కౌంటర్ పెట్టిన ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ స్పెక్ట్రోమీటర్ గురించి రాశారు, నల్లదనం చూసే పద్ధతి పోయి ఒక్కో ఫోటాన్‌ని లెక్కపెట్టే పద్ధతి ఈ పనిలోకి అలా వచ్చింది. ఇప్పుడు మన ల్యాబుల్లో ఉన్న పెద్ద మెషిన్లలో క్రిస్టల్ ఎక్స్‌రేల్ని కోణాల వారీగా విడదీస్తుంది, ప్రపోర్షనల్ కౌంటరో సింటిలేషన్ కౌంటరో వాటిని లెక్కపెడుతుంది. కొన్నిట్లో ఒక్క గోనియోమీటరే (కోణాలు మార్చే భాగం) తిరుగుతూ ఒకదాని తర్వాత ఒకటి కొలుస్తుంది, కొన్నిట్లో ఒక్కో మూలకానికి ఒక్కో ఫిక్స్‌డ్ ఛానల్ ఉంటుంది. కింద చెప్పేవి రెండింటికీ వర్తిస్తాయి.

మొదటి పని: పెల్లెట్

ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే, కాబట్టి ఇక్కడే ఎక్కువసేపు మాట్లాడతాను.

సిలికాన్ ఎక్స్‌రే చాలా బలహీనమైనది. రా మీల్ పెల్లెట్‌లో పై పది ఇరవై మైక్రాన్ల నుంచి వచ్చిందే డిటెక్టర్‌కి చేరుతుంది, అంతకంటే లోతులో పుట్టింది దారిలోనే ఇంకిపోతుంది. మెగ్నీషియం, సోడియం అయితే ఇంకా పైపైనే. ఐరన్ అయితే దాదాపు వంద మైక్రాన్ల లోతు నుంచి కూడా వస్తుంది. ఇప్పుడు రా మిల్ నుంచి వచ్చే పొడిలో 90 మైక్రాన్ జల్లెడ మీద మిగిలేది ఎంతో కొంత ఉంటుంది కదా, ఆ మిగిలినదాంట్లో గట్టిగా ఉండే క్వార్ట్జ్ ఎక్కువ, ఎందుకంటే సున్నపురాయి తొందరగా నలుగుతుంది, ఇసుక గింజ నలగదు. 90 మైక్రాన్ల క్వార్ట్జ్ గింజలో పై పొర మాత్రమే మెషిన్‌కి కనపడుతుంది, లోపలున్న సిలికా అంతా లేనట్టే. అదే సిలికా బంకమట్టి రూపంలో సన్నగా ఉంటే మొత్తం లెక్కలోకి వస్తుంది. అందుకే క్వారీలో బెంచ్ మారినప్పుడు కెమికల్‌గా ఏం మారకపోయినా సిలికా కౌంట్ మారినట్టు కనపడొచ్చు.

మందు ఏంటంటే పల్వరైజర్‌లో బాగా నూరడం, ఎంతసేపు నూరాలో ఎవర్నో అడక్కుండా మీ మెటీరియల్‌తోనే తేల్చుకోవడం. ఒకే రా మీల్‌ని కోనింగ్ చేసి సమానంగా పంచుకోండి, 30, 60, 90, 120, 180 సెకన్లు నూరి అదే బరువు, అదే బైండర్, అదే ప్రెషర్‌తో పెల్లెట్లు కొట్టి సిలికాన్, కాల్షియం, అల్యూమినియం కౌంట్స్ గ్రాఫ్ గీయండి. మొదట్లో సిలికాన్ నిటారుగా మారుతుంది, ఒకచోట నుంచి గీత చదునవుతుంది. ఆ చదునైన చోటు నుంచి ఇంకాస్త ముందుకెళ్ళి ఒక టైమ్ పెట్టుకోండి, ఇక షిఫ్ట్ ఏదైనా ఎవరు చేసినా అదే టైమ్. మరీ ఎక్కువసేపు నూరితే పొడి వేడెక్కి జార్ గోడలకి అంటుకుని గడ్డకడుతుంది, గ్రైండింగ్ ఎయిడ్ టాబ్లెట్ వేయడం అందుకే.

జార్ మెటీరియల్ కూడా చూసుకోండి, టంగ్‌స్టన్ కార్బైడ్ జార్ అయితే టంగ్‌స్టన్, కోబాల్ట్ కొంచెం కలుస్తాయి, క్రోమ్ స్టీల్ అయితే ఐరన్, క్రోమియం కలుస్తాయి, రా మీల్‌లో ఐరన్ నమ్మకంగా కావాలంటే టంగ్‌స్టన్ కార్బైడే మేలు. శాంపిల్ మారినప్పుడు కొత్త శాంపిల్ కొంచెం వేసి పది సెకన్లు తిప్పి పారేయండి, తర్వాతే అసలుది వేయండి. ముఖ్యంగా జిప్సం ఉన్న సిమెంట్ నూరిన వెంటనే రా మీల్ నూరితే సల్ఫర్ కౌంట్ ఎక్కడ నుంచి వచ్చిందో అర్థంకాక తల పట్టుకోవాల్సి వస్తుంది.

ప్రెస్‌లో 20 టన్నుల దగ్గర 30 సెకన్లు పట్టి ఉంచడం చాలాచోట్ల ఉన్న పద్ధతి, దీన్ని కూడా నూరే టైమ్ లాగే వేర్వేరు ప్రెషర్ల దగ్గర కొలిచి చదునైన చోటు పట్టుకోండి. ప్రెషర్ ఒక్కసారిగా వదిలేయకండి, మెల్లగా వదిలితే పెల్లెట్ పగలదు, ఉబ్బదు. బయటికి తీశాక పక్కవాటంగా వెలుతురులో పట్టుకుని చూడండి, గీతలు, పొక్కులు, మెరిసే మచ్చలు ఉంటే అది మళ్ళీ కొట్టాల్సిందే. కొలిచే మొహాన్ని వేలితో ముట్టుకోకండి, చెమటలో సోడియం, క్లోరిన్ ఉంటాయి, పైపై పొర నుంచే సిగ్నల్ వచ్చే మూలకాలకి ఒక్క వేలిముద్ర చాలు. ఊది దుమ్ము దులపడం కూడా వద్దు, అంచుల్ని మెత్తటి బ్రష్‌తో తుడిస్తే సరిపోతుంది. వదులుగా ఉన్న పొడి మెషిన్‌లోకి వెళ్తే, ట్యూబ్ కింద ఉండే మోడల్ అయితే నేరుగా బెరీలియం విండో మీద పడుతుంది, ఆ విండో పోతే ట్యూబే పోయినట్టు.

పెల్లెట్‌తో ఖనిజ ప్రభావం పూర్తిగా పోదు. అది పోవాలంటే ఫ్యూజ్డ్ బీడ్. లిథియం టెట్రాబోరేట్, మెటాబోరేట్ ఫ్లక్స్‌తో ప్లాటినం గోల్డ్ క్రూసిబుల్‌లో వెయ్యి డిగ్రీల పైన కరిగించి గాజుబిళ్ళ పోస్తే క్వార్ట్జ్, బంకమట్టి తేడా ఉండదు, అంతా ఒకే గాజు. గంట గంటకి వచ్చే శాంపిల్‌కి బీడ్ పోయడం అందరికీ కుదరదు, ఒప్పుకుంటాను. కానీ క్యాలిబ్రేషన్ సరిచూసుకోవడానికి, క్వారీ మెటీరియల్ మారినప్పుడు పెల్లెట్ ఎంత పక్కకి జరిగిందో తెలుసుకోవడానికి బీడ్ కచ్చితంగా ఉండాలి. రా మీల్‌ని బీడ్ చేసేటప్పుడు ఎల్‌ఓఐ (కాలిస్తే పోయే బరువు) లెక్క మర్చిపోకండి, ముప్పై అయిదు శాతం దాకా గాలిలో కలిసిపోయే మెటీరియల్ అది, బరువు కాల్చకముందుదా కాల్చాకదా అన్నది రిజిస్టర్‌లో రాసి తీరాలి.

ట్యూబ్, క్రిస్టల్, కోణం

ఈ సెట్టింగులు మెషిన్ ఇన్‌స్టాల్ చేసిన ఇంజనీర్ పెట్టేసి వెళ్తాడు, అయినా ఎందుకలా పెట్టాడో తెలిసుండాలి. మన మెషిన్లలో ఎక్కువగా రోడియం ట్యూబే ఉంటుంది. సోడియం నుంచి కాల్షియం దాకా తేలిక మూలకాలకి వోల్టేజ్ తక్కువ కరెంట్ ఎక్కువ, అంటే 30 కేవీ దగ్గర ఎంత ఎంఏ ఇస్తే అంత. ఐరన్, ఆ పైవాటికి 50, 60 కేవీ. లైన్ మారినప్పుడల్లా మొత్తం పవర్ ఒకేలా ఉండేలా కేవీ, ఎంఏ జత చేస్తే ట్యూబ్ వేడి నిలకడగా ఉండి కౌంట్ కూడా నిలకడగా ఉంటుంది. మెషిన్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే వెంటనే శాంపిల్ పెట్టేయకండి, ట్యూబ్‌ని మెల్లగా మెట్లు మెట్లుగా పైకి తీసుకెళ్ళి వేడి కుదురుకునేదాకా ఆగాలి.

క్రిస్టల్ విషయానికొస్తే, ఎల్‌ఐఎఫ్ 200 (లిథియం ఫ్లోరైడ్) క్రిస్టల్ మీద కాల్షియం కే ఆల్ఫా 113.1 డిగ్రీల టూ తీటా (క్రిస్టల్ ఎక్స్‌రేని తిప్పే కోణం) దగ్గర, ఐరన్ 57.5 దగ్గర వస్తాయి. పీఈటీ (పెంటాఎరిత్రిటాల్) క్రిస్టల్ మీద సిలికాన్ 109.2, అల్యూమినియం 145.1. సల్ఫర్‌కి జెర్మేనియం క్రిస్టల్, అక్కడ 110.7. మెగ్నీషియం, సోడియంకి మల్టీలేయర్ పెడతారు. ఈ అంకెలు నోటికి వస్తే స్కాన్ చూసిన వెంటనే పీక్ జరిగిందో లేదో కంటికే తెలుస్తుంది. పీఈటీకి వేడి అస్సలు పడదు, టెంపరేచర్ కొంచెం మారినా క్రిస్టల్ వ్యాకోచించి పీక్ కోణం జరుగుతుంది, కోణం పెద్దదయ్యేకొద్దీ జరుగుడు ఎక్కువ, కాబట్టి ల్యాబ్ ఏసీ ఆగిపోయిన మధ్యాహ్నం ముందు తేడా చేసేది అల్యూమినియమే. మెషిన్ లోపల సొంత టెంపరేచర్ కంట్రోల్ ఉంటుంది నిజమే, కానీ మన ఎండాకాలంలో 44, 45 డిగ్రీలు కొట్టే ఊళ్ళల్లో రూమ్ ఏసీ పోతే అది కూడా చేతులెత్తేస్తుంది. అందుకే అప్పుడప్పుడు మానిటర్ శాంపిల్ పెట్టి ఒక్కో లైన్ మీద చిన్న స్కాన్ చేసి పీక్ కొన సరిగ్గా పాత కోణం దగ్గరే ఉందా అని చూడాలి. కొన మీద కాకుండా వాలు మీద కొలుస్తుంటే కౌంట్ తగ్గడమే కాదు, ఊగుతుంది కూడా.

కాల్షియంకి ఇంకో సమస్య, కౌంట్స్ మరీ ఎక్కువ. రా మీల్‌లో, క్లింకర్‌లో అదే ప్రధాన మూలకం, పవర్‌ఫుల్ ట్యూబ్‌తో డిటెక్టర్ తట్టుకోలేనంత వస్తుంది. అక్కడ సన్నటి కొలిమేటర్ (ఎక్స్‌రేల్ని ఇరుకు దారిలో పంపే పలకలు) పెట్టడమో కరెంట్ తగ్గించడమో చేయాలి, ఎందుకో డెడ్ టైమ్ దగ్గర చెప్తాను.

ఛాంబర్ వాక్యూమ్ కూడా కౌంట్‌లో భాగమే. గాలి ఉంటే మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్ ఎక్స్‌రేల్ని అదే మింగేస్తుంది. తేలిక మూలకాలన్నీ కలిసికట్టుగా తగ్గి ఐరన్ మాత్రం కదలకుండా ఉంటే పెల్లెట్‌ని అనుమానించే ముందు వాక్యూమ్ రీడింగ్ చూడండి, పంప్ ఆయిల్ చూడండి. పెల్లెట్ తడిగా ఉన్నా వాక్యూమ్ రావడానికి టైమ్ పడుతుంది, శాంపిల్‌ని ముందు ఓవెన్‌లో ఆరబెట్టడం అందుకు కూడా.

పల్స్ ఎత్తు చూసి ఏరడం

ప్రపోర్షనల్ కౌంటర్‌లో పీ10 గ్యాస్ పారుతూ ఉంటుంది, 90 శాతం ఆర్గాన్, 10 శాతం మీథేన్. ఫోటాన్ లోపలికొచ్చి గ్యాస్‌ని అయనైజ్ చేస్తే ఒక పల్స్ పుడుతుంది, ఆ పల్స్ ఎత్తు ఫోటాన్ ఎనర్జీకి అనుపాతంలో ఉంటుంది. కింద ఒక గీత, పైన ఒక గీత పెట్టి మధ్యలో పడ్డ పల్స్‌లనే లెక్కపెట్టడం పీహెచ్‌డీ, అంటే పల్స్ హైట్ డిస్క్రిమినేషన్. ఇది ఎందుకు కావాలంటే క్రిస్టల్ ఒక్కటే అన్నిటినీ విడదీయలేదు. కాల్షియం తరంగదైర్ఘ్యానికి మూడు రెట్లు దాదాపు 10.07 ఆంగ్‌స్ట్రామ్, మెగ్నీషియంది 9.89. అంటే కాల్షియం మూడో ఆర్డర్ లైన్ వచ్చి సరిగ్గా మెగ్నీషియం పక్కనే కూర్చుంటుంది. సున్నపురాయిలో కాల్షియం కొండంత, మెగ్నీషియం గోరంత, కాబట్టి పీహెచ్‌డీ లేకపోతే ఎంజీఓ అంటూ మనం కొలిచేది చాలావరకు కాల్షియంనే.

కాల్షియం పల్స్ ఎత్తు మెగ్నీషియంకి దాదాపు మూడింతలు, కాబట్టి పై గీత దాన్ని ఆపేస్తుంది. కానీ అంతటితో అయిపోలేదు. కాల్షియం ఫోటాన్ ఆర్గాన్‌ని తట్టినప్పుడు ఒక్కోసారి ఆర్గాన్ సొంత ఎక్స్‌రే 2.96 కేఈవీ పుట్టి డిటెక్టర్ బయటికి తప్పించుకుపోతుంది, మిగిలేది 0.73 కేఈవీ. దీన్ని ఎస్కేప్ పీక్ అంటారు, ఇది మెగ్నీషియం 1.25 కి కింది వైపున దగ్గర్లోనే పడుతుంది, ఈ డిటెక్టర్ల రిజల్యూషన్‌కి ఆ రెండూ ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కుతాయి. కాబట్టి మెగ్నీషియం విండో కింది గీతని మరీ కిందికి లాగకండి. స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ పెల్లెట్ ఒకటి, మెగ్నీషియం ఆక్సైడ్ పెల్లెట్ ఒకటి పెట్టి మెగ్నీషియం కోణం దగ్గరే రెండిటి పల్స్ హైట్ స్పెక్ట్రం తీసి పక్కపక్కన పెట్టి చూస్తే గీత ఎక్కడ పెట్టాలో అదే చెప్తుంది, ఈ ఒక్క ప్రయోగం అందరూ చేసి చూడాలని నా కోరిక.

పీ10 సిలిండర్ మార్చినప్పుడు, ప్రెషర్ మారినప్పుడు, గ్యాస్ సాంద్రత మారి పల్స్‌లు మొత్తంగా పైకో కిందికో జరుగుతాయి. విండో ఇరుగ్గా పెట్టుకున్న లైన్లలో కౌంట్ వెంటనే పడిపోతుంది. సిలిండర్ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడకుండా కొంచెం ఉండగానే మార్చండి, మార్చాక గ్యాస్ లైన్ బాగా కడుక్కుపోయేదాకా ఆగి మానిటర్ పెట్టండి, అది పాత రేంజ్‌కి వచ్చాకే ప్రొడక్షన్ శాంపిల్.

డెడ్ టైమ్

ప్లాంట్ గేటు దగ్గర ఒక మనిషి నిలబడి లారీలు లెక్కరాస్తున్నాడనుకోండి, ఒకదాని నంబర్ రాసుకునే లోపల ఇంకోటి దూసుకుపోతే అది లెక్కలో ఉండదు. డిటెక్టర్ అంతే, ఒక పల్స్‌ని చూసుకునే కాసేపు గుడ్డిది. ఆ కాసేపే డెడ్ టైమ్. సరిచేసే లెక్క సులువు, కొలిచిన రేటుని డెడ్ టైమ్‌తో గుణించి, దాన్ని ఒకటి నుంచి తీసేసి, ఆ మిగిలినదాంతో కొలిచిన రేటుని భాగించాలి. డెడ్ టైమ్ 0.3 మైక్రోసెకన్ అనుకుంటే, సెకనుకి లక్ష కొలిస్తే అసలుది 1,03,093, మూడు శాతం తేడా. అయిదు లక్షలు కొలిస్తే అసలుది 5,88,235, పదిహేడు పద్దెనిమిది శాతం తేడా. సాఫ్ట్‌వేర్ దీన్ని తనంతట తనే సరిచేస్తుంది, కానీ దానికిచ్చిన డెడ్ టైమ్ విలువ కొంచెం తప్పయినా రేటు పెరిగేకొద్దీ ఆ తప్పు కూడా పెరుగుతుంది. సరిచూసే పద్ధతి: ఒకే శాంపిల్, ఒకే కేవీ, ఎంఏ మాత్రం 10, 20, 30 అలా పెంచుకుంటూ కౌంట్ రాయండి. కౌంట్‌ని ఎంఏతో భాగిస్తే ప్రతిచోటా ఒకే అంకె రావాలి. పైకెళ్ళేకొద్దీ తగ్గుతుంటే సరిచేత చాలట్లేదు, పెరుగుతుంటే ఎక్కువైంది. ఎక్కడిదాకా ఒకే అంకె వస్తుందో అక్కడిదాకే మీ పని జరిగేలా కాల్షియం సెట్టింగ్ పెట్టుకోండి.

ఎంతసేపు లెక్కపెట్టాలి

ఫోటాన్లు తమ ఇష్టం వచ్చినట్టు వస్తాయి, అందుకే ఒకే పెల్లెట్‌ని కదపకుండా పదిసార్లు కొలిచినా పది అంకెలు వస్తాయి. మంచి విషయం ఏంటంటే ఆ ఊగిసలాట ఎంతుంటుందో ముందే తెలుసు, మొత్తం కౌంట్‌కి వర్గమూలం అంతే. పదివేలు లెక్కపెడితే వంద, అంటే ఒక శాతం. పదిలక్షలు లెక్కపెడితే వెయ్యి, అంటే 0.1 శాతం. పదింతలు మెరుగవ్వాలంటే వందింతలు టైమ్ కావాలన్నమాట.

మాటవరసకి సిలికాన్ 60 కేసీపీఎస్ వస్తోంది అనుకోండి. 20 సెకన్లలో 12 లక్షలు, వర్గమూలం దాదాపు 1,095, అంటే 0.09 శాతం. 13.8 సిలికాలో అది 0.013, ఎల్‌ఎస్‌ఎఫ్‌లో చూస్తే 0.08. చాలు, ఇంకా ఎక్కువ అక్కర్లేదు. అదే 2 సెకన్లే పెడితే సిలికాలో 0.04, ఎల్‌ఎస్‌ఎఫ్‌లో పావు పాయింట్ ఊరికే ఊగుతుంది. కాల్షియంకి ఎలాగూ కౌంట్స్ బోలెడు, నాలుగైదు సెకన్లు చాలు. సోడియం, క్లోరిన్ లాంటివాటికి మాత్రం 40 సెకన్లు పైన పెట్టాలి. చాలాచోట్ల అన్ని మూలకాలకీ సమానంగా పది పది సెకన్లు పెట్టేసి ఉంటుంది, అది టైమ్ వేస్ట్, కాల్షియం దగ్గర మిగిలిన సెకన్లు సిలికాన్‌కి ఇవ్వండి.

బ్యాక్‌గ్రౌండ్

రా మీల్‌లో కాల్షియం, సిలికాన్, ఐరన్‌కి బ్యాక్‌గ్రౌండ్ పీక్ ముందు చాలా చిన్నది, స్థిరంగానూ ఉంటుంది, దాన్ని క్యాలిబ్రేషన్ ఇంటర్‌సెప్ట్ మింగేస్తుంది. క్లోరిన్, మాంగనీస్, ఫాస్ఫరస్ తక్కువ స్థాయిలో కావాలంటే మాత్రం పక్కన ఖాళీ చోట బ్యాక్‌గ్రౌండ్ కొలిచి తీసేయాల్సిందే. టైమ్ పంచుకునే లెక్క ఇదీ: పీక్ రేటుని బ్యాక్‌గ్రౌండ్ రేటుతో భాగించి వర్గమూలం తీయండి, పీక్ మీద అన్ని రెట్లు ఎక్కువసేపు ఉండండి. పీక్ 2,000, బ్యాక్‌గ్రౌండ్ 400 అయితే అయిదుకి వర్గమూలం, దాదాపు 2.2 రెట్లు. డిటెక్షన్ లిమిట్ కావాలంటే బ్యాక్‌గ్రౌండ్ రేటుని బ్యాక్‌గ్రౌండ్ టైమ్‌తో భాగించి వర్గమూలం తీసి, మూడుతో గుణించి, ఒక శాతానికి ఎన్ని కౌంట్స్ వస్తాయో దానితో భాగించండి. 400 సీపీఎస్, 40 సెకన్లు, శాతానికి 20,000 సీపీఎస్ అయితే దాదాపు 5 పీపీఎం.

క్లోరిన్ దగ్గర జాగ్రత్త, రోడియం ట్యూబ్ సొంత ఎల్ లైన్ 2.70 కేఈవీ దగ్గర ఉంటుంది, క్లోరిన్ 2.62. ట్యూబ్ నుంచి చెదిరి వచ్చిన రోడియం క్లోరిన్‌లా కనపడుతుంది. ట్యూబ్ ముందు ప్రైమరీ ఫిల్టర్ పెట్టడమో, క్లోరిన్ లేని బ్లాంక్ పెల్లెట్ కొలిచి తీసేయడమో చేయాలి. క్లోరిన్, సల్ఫర్ ఎక్స్‌రే కింద, వాక్యూమ్‌లో ఎక్కువసేపు ఉంటే ఉపరితలం మీద మారతాయి, ప్రోగ్రామ్‌లో వాటిని ముందు పెట్టండి, పాత పెల్లెట్‌ని మళ్ళీ మళ్ళీ కొలిచి క్లోరిన్ చెప్పకండి. లైన్లు కలిసిపోయే ఇలాంటి గొడవ వేరే ఖనిజాల్లో ఇంకా ఎక్కువ, మంగంపేట బెరైటీస్‌తో పనిచేసేవాళ్ళకి బేరియం ఎల్ లైన్ 4.47, టైటానియం 4.51 రెండూ అతుక్కుని వస్తాయి, అక్కడ ఓవర్‌ల్యాప్ కరెక్షన్ లేకుండా టైటానియం చెప్పడం కుదరదు.

మానిటర్, డ్రిఫ్ట్, క్యాలిబ్రేషన్

ట్యూబ్ ముసలిదవుతుంది, గ్యాస్ మారుతుంది, క్రిస్టల్ మారుతుంది, వీటన్నిటినీ సరిచేసేది మానిటర్ శాంపిల్. గాజుబిళ్ళ అయితే మంచిది, ఏళ్ళ తరబడి మారదు. క్యాలిబ్రేషన్ రోజు దాని కౌంట్ ఎంతో, ఈరోజు ఎంతో, ఆ రెండిటి నిష్పత్తితో అన్ని శాంపిళ్ళ కౌంట్‌ని గుణిస్తారు. మానిటర్‌ని శాంపిల్ కంటే ఎక్కువసేపు కొలవాలి, లేకపోతే దాని ఊగిసలాట అన్ని రిజల్ట్స్‌లోకి ఎక్కుతుంది. ఇంకో మాట, ప్రతి షిఫ్ట్‌కీ డ్రిఫ్ట్ కరెక్షన్ బటన్ నొక్కేయడం మంచి పద్ధతి కాదు. ముందు మానిటర్‌ని మామూలు శాంపిల్‌లా కొలిచి చార్ట్‌లో పెట్టండి, ఊగిసలాట హద్దుల్లోనే ఉంటే ముట్టుకోకండి, దాటితే కారణం వెతికి తర్వాత నొక్కండి. వాక్యూమ్ లీక్‌ని డ్రిఫ్ట్ కరెక్షన్‌తో కప్పేస్తే అది ఇంకో వారానికి ఇంకా పెద్దదై బయటపడుతుంది.

క్యాలిబ్రేషన్ అంటే తెలిసిన శాతాలున్న స్టాండర్డ్స్‌ కౌంట్స్‌కి గీత గీయడమే. అమెరికా ఎన్‌ఐఎస్‌టీ సిమెంట్ స్టాండర్డ్స్ ఉన్నాయి, మన దేశంలో బల్లభ్‌గఢ్‌లో ఉన్న ఎన్‌సీసీబీఎం (సిమెంట్, భవన సామగ్రి జాతీయ మండలి) కూడా సిమెంట్ రంగానికి రిఫరెన్స్ మెటీరియల్స్ ఇస్తుంది. రా మీల్‌కి మాత్రం మీ క్వారీ మెటీరియల్‌తోనే వెట్ అనాలిసిస్ చేసిన సొంత స్టాండర్డ్స్ తప్పవు, ఎందుకంటే పైన చెప్పిన ఖనిజ ప్రభావం కొన్న స్టాండర్డ్‌లో మీది ఉండదు. మ్యాట్రిక్స్ కరెక్షన్‌ ఆల్ఫాలు (ఒక మూలకం కౌంట్ మీద మిగతా మూలకాల ప్రభావాన్ని సరిచేసే కోఎఫిషియంట్లు) సాఫ్ట్‌వేర్ ఎన్ని వేసుకోమన్నా అన్నీ వేయకండి, ఉన్న స్టాండర్డ్స్ కంటే కోఎఫిషియంట్లు ఎక్కువైతే గీత అందంగా వస్తుంది, కొత్త శాంపిల్‌కి పనికిరాదు.

తప్పు ఎక్కడుందో విడదీయడం

రిజల్ట్స్ ఊగుతున్నాయి అన్నప్పుడు ఊహించకుండా ఇలా చేయండి. ఒక పెల్లెట్‌ని లోపలే ఉంచి బయటికి తీయకుండా పదిసార్లు సిలికాన్ కొలవండి. తర్వాత అదే పెల్లెట్‌ని ప్రతిసారీ బయటికి తీసి మళ్ళీ పెడుతూ పదిసార్లు. చివరికి ఒకే పొడిని పది భాగాలు చేసి, విడివిడిగా నూరి, కొట్టి, పది పెల్లెట్లని ఒక్కోసారి. మూడిటికీ స్టాండర్డ్ డీవియేషన్ తీయండి. ఉదాహరణకి 0.09, 0.12, 0.45 శాతం వచ్చాయనుకుందాం. మొదటిది వర్గమూలం లెక్కతో సరిపోయింది, అంటే ట్యూబ్, డిటెక్టర్, ఎలక్ట్రానిక్స్ బాగున్నాయి. రెండోది కొంచెమే పెరిగింది, శాంపిల్ కప్, స్పిన్నర్ సరిగ్గా కూర్చుంటున్నాయి. మూడోదాని వర్గం నుంచి రెండోదాని వర్గం తీసి వర్గమూలం తీస్తే 0.43, అదంతా పల్వరైజర్, ప్రెస్ దగ్గరిది. ఇలాంటి చోట కౌంటింగ్ టైమ్ రెట్టింపు చేసినా ఏమీ మారదు, జార్ రింగులు అరిగాయేమో చూడాలి, బైండర్ తూకం వేస్తున్నారా కంటి అంచనాతో వేస్తున్నారా చూడాలి. మొదటిదే వర్గమూలం లెక్క కంటే బాగా ఎక్కువ వస్తే మాత్రం సర్వీస్ ఇంజనీర్‌ని పిలవాలి, గ్యాస్ ఫ్లో, హై వోల్టేజ్, డిటెక్టర్ విండో వైపు చూడమని ఈ అంకెలు చూపించి మరీ చెప్పండి.

సేఫ్టీ మాట ఒకటి చెప్పి తీరాలి. ఇంటర్‌లాక్ స్విచ్‌కి టేప్ వేసి మూత తెరిచి నడపడం ఎవరు చెప్పినా చేయకండి, మన దేశంలో ఎక్స్‌రే పరికరాలు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) నియమాల కింద ఉంటాయి, ఆ లైసెన్స్ కాగితాలు, సర్వే రీడింగులు ల్యాబ్‌లో అందుబాటులో ఉండాలి. పీ10లో మీథేన్ ఉంది, డిటెక్టర్ నుంచి వచ్చే గ్యాస్ పైపుని గది బయటికి పెట్టండి.

క్వారీలో చేతిలో పట్టుకునే గన్, లేదా టేబుల్ మీది చిన్న ఈడీ (ఎనర్జీ డిస్పర్సివ్) మెషిన్ వాడేవాళ్ళకి కూడా ఇదే లెక్క, కాకపోతే అక్కడ క్రిస్టల్ ఉండదు, అన్ని ఎనర్జీలూ ఒకే సిలికాన్ డిటెక్టర్‌లో ఒకేసారి పడతాయి. సున్నపురాయిలో కాల్షియం ఫోటాన్లు రెండు ఒకేసారి పడితే డిటెక్టర్ వాటిని 7.38 కేఈవీ ఉన్న ఒక్కటిగా చూస్తుంది, అది నికెల్ 7.48 పక్కనే, దాంతో లేని నికెల్ ఉన్నట్టు కనపడుతుంది. ఐరన్ ఎక్కువున్న లేటరైట్‌లో సిలికాన్ ఎస్కేప్ వల్ల 4.66 దగ్గర ఒక చిన్న పీక్ లేచి టైటానియంని పెంచుతుంది. స్క్రీన్ మీద కనిపించే డెడ్ టైమ్ శాతం బాగా ఎక్కువుంటే కరెంట్ తగ్గించి లైవ్ టైమ్ పెంచండి, కాల్షియం తగ్గినదానికంటే నికెల్ ఎక్కువ రెట్లు తగ్గిపోతే అది నికెల్ కాదు, రెండు కాల్షియంలు.